మూడు సెకన్ల కారు

“అమ్మేద్దామని చెప్పాను కదా, మళ్ళీ మొదటికొస్తావేం?”

“మొదటికి రాలేదు. బాగుచేయించి ఆలోచించుకోవచ్చు కదా అంటున్నాను.”

“ఆలోచించేదేముంది? చెడిపోయింది, అమ్మేస్తున్నాను.”

“చెడిపోయింది ఇవాళ పొద్దున. కొనేవాడితో మీరు మాట్లాడింది గురువారం.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. ఫోన్లో మీరు పక్కవీధికి వినపడేలా మాట్లాడతారు.”

“సరే, గురువారమే మాట్లాడాను. ఇవాళ చెడిపోయింది కూడా. రెండూ కలిసొచ్చాయి. నువ్వే విన్నావుగా, తాళం తిప్పగానే అందుకుంటుంది, మూడు లెక్కపెట్టేలోపు చచ్చిపోతుంది. పొద్దుట్నుంచి పదకొండుసార్లు.”

“పదమూడు.”

“లెక్కపెడుతూ కూర్చున్నావా?”

“ఉల్లిపాయలు తరుగుతూ విన్నాను.”

“ఐదింటికి వస్తానన్నాడతను. ఉన్నది ఉన్నట్టు తీసుకుపోతాడు. తోసుకునైనా పోతానన్నాడు, పాపం.”

“పాపకన్నా ఏడాది చిన్నదండీ ఆ కారు.”

“పాప పదిహేడేళ్ళకి చదువుకుంటోంది. కారు పదహారేళ్ళకి ముసలిదైంది. రెంటికీ ఒకే లెక్కా?”

“మీకు మాత్రం అక్కర్లేదా అది?”

“రెండు నెలల్నుంచి బస్సులోనే వెళ్తున్నాను కదా, ఏం తక్కువైంది?”

“ఆఫీసు దగ్గర పెట్టుకోడానికి చోటు లేదన్నారు.”

“లేదు.”

“పదిహేనేళ్ళు ఎక్కడ పెట్టారు?”

“అప్పుడుండేది.”

“చోటు ఎక్కడికి పోయింది?”

“ఇదిగో, ఇంత పట్టింపేమిటి నీకు? కారుతో నీకేం పని? నువ్వేమైనా నడుపుతావా?”

“మంచినీళ్ళు తాగండి.”

“నేనడిగిందేమిటి, నువ్విచ్చేదేమిటి?”

“ఎండలో పదమూడుసార్లు తిప్పారు కదా అని. అయ్యో, చూసుకోండి, గ్లాసు…”

“పక్కన పెడితే ఎలా? మనిషికి ఎదురుగా పెట్టాలి.”

“ఎప్పుడూ అక్కడేగా పెడతాను.”

“ఇకనుంచి ఎదురుగా పెట్టు.”

“పెడతాను. మెకానిక్‌కి ఫోన్ చేశాను, బయల్దేరాడట.”

“ఎప్పుడు చేశావు?”

“పదమూడోసారికి.”

మెకానిక్ వచ్చేసరికి పదకొండు దాటింది. తల నెరిసినవాడు, తొందర ఎరగని మనిషి. బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, ముందు కాసేపు ఊరికే చూశాడు. ఇంటాయన అతని వెనక, ఇల్లాలు మెట్ల మీద.

“బ్యాటరీయేనయ్యా. నేను చూశాను.”

“బ్యాటరీ పోతే ఇంజను తిరగదు కదా సార్. ఇది తిరుగుతోంది, అందుకుంటోంది కూడానూ.”

“అయితే హీటర్ ప్లగ్గులు.”

“అవి పోతే పొద్దున్నే అందుకోడానికి ఏడిపిస్తుంది. అందుకున్నాక చావదు.”

“అయితే ఇంజనే పోయుంటుంది. అదే చెప్తున్నా మా ఆవిడకి.”

“ఇంజను పోయుంటే బాగుండునని ఉన్నట్టుంది సార్ మీకు.”

“నాకెందుకుంటుంది?”

“ఏం లేదు, ఊరికే అన్నా. తాళం తిప్పండి. ఆ… ఒకటి, రెండు…”

“చూశావా? పోయింది.”

“చూశాను. వైరేదైనా ఊడితే టక్కున పోతుంది సార్, ఊదేసిన దీపంలా. ఇది నూనె అయిపోయిన దీపంలా పోయింది. దీనికి డీజిల్ అందట్లేదు.”

“ట్యాంకులో పావు దాకా ఉందే.”

“ఉంది, ఇంజను దాకా రావట్లేదు. మళ్ళీ తాళం సగం తిప్పండి, స్టార్ట్ చెయ్యొద్దు. టిక్కుమంది, విన్నారా? డీజిల్‌కి దారి తీసే వాల్వు బాగానే ఉంది. ఎప్పుడు తీశారు బండి చివరిసారి?”

“ఆదివారం. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేశాను.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఎవరు తీస్తారు? ఈ ఇంట్లో కారు నడిపేది నేనొక్కణ్ణే.”

“అమ్మగారు?”

“మా ఆవిడా? దానికో కథ ఉందిలే. పదేళ్ళ కిందట నేర్పుదామని కూర్చోబెట్టాను. రివర్సు వెయ్యమన్నానా, వెనక గేటుంది చూడమన్నానా…”

“మేస్త్రీగారూ, టీ తాగుతారా?”

“…చూస్తూనే వెళ్ళి గేటుకి కొట్టింది. మా చుట్టాల్లో ఏ పెళ్ళికెళ్ళినా ఇప్పటికీ అడుగుతారు, గేటు కులాసాయేనా అని.”

“మీరు చెప్తేనే కదండీ అడుగుతారు.”

“పంచదార తక్కువెయ్యండమ్మా. సార్, ఇటు చూడండి. ఫిల్టర్ మీద ఈ రబ్బరు బుడిపె ఉందే, చేతిపంపు. నొక్కి వదిలితే డీజిల్ లాక్కుని మళ్ళీ ఉబ్బాలి. ఇదేమో నొక్కితే లోపలికి పోయింది, పైకి రానంటోంది.”

“ఫిల్టర్ పూడుకుపోయుంటుంది.”

“కావచ్చు, కాకపోవచ్చు. ఒక్క పని చేసిపెట్టండి. మూలమీద కొట్లో సన్నటి ప్లాస్టిక్ పైపు దొరుకుతుంది, లోపల ఏం పోతోందో బయటికి కనపడేది. ఒక మీటరు తీసుకురండి.”

“నేనా?”

“నా చేతులు మసి కదా సార్.”

“ఈ ఎండలో నడిచి వెళ్ళాలా?”

“కారులో వెళ్దామంటే ఇది మూడు సెకన్లకి మించి రాదు కదా.”

గేటు చప్పుడయ్యేదాకా మెకానిక్ ఫిల్టరును తుడుస్తూనే ఉన్నాడు. ఆమె టీ తెచ్చి మడ్‌గార్డు మీద పెట్టింది.

“ఇప్పుడు చెప్పండమ్మా. ఆదివారం తర్వాత దీన్ని ఎవరు తీశారు?”

“టీ చల్లారిపోతుంది.”

“తాగుతున్నా. టైర్ల గాడుల్లో ఎర్రమట్టి ఉంది. ఈ వీధి చివరిదాకా తారురోడ్డే. వెనక సీటు కింద ఇవిగో, కర్టెన్ రింగులు, నాలుగు. సార్ కర్టెన్లు వేసుకుని తిరిగే మనిషిలా లేరు.”

“నేనే తీశాను.”

“ఎప్పుడెప్పుడు?”

“సోమవారం, బుధవారం. నిన్న మధ్యాహ్నం మళ్ళీ తీద్దామంటే ఇదే తంతు.”

“బుధవారం ఎలా నడిచింది?”

“వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. వచ్చేటప్పుడు ఎత్తు ఎక్కుతూ నీరసపడింది. యాక్సిలరేటర్ తొక్కుతున్నా ఊపు లేదు. గేట్లోకి వచ్చిందో లేదో దానంతటదే ఆగిపోయింది.”

“ఇది మొదటే చెప్పుంటే నాకు అరగంట కలిసొచ్చేది.”

“ఆయన పక్కనుండగా ఎలా చెప్పను?”

“లైసెన్సుందా?”

“కుట్టుమిషను సొరుగులో ఉంది. ఆయన ఆఫీసుకెళ్ళాక డ్రైవింగ్ స్కూలుకెళ్ళి నేర్చుకున్నాను. మొదటిసారే పాసయ్యాను. రివర్సుతో సహా.”

“ఎక్కడికి వెళ్తారమ్మా ఇంత రహస్యంగా?”

“రహస్యమేం లేదు, పనికి. కర్టెన్లు కుడతాను నేను. కొత్తగా కట్టిన నర్సింగ్ హోములో కింది అంతస్తుకి ముప్పై ఆరు కిటికీలు ఒప్పుకున్నాను. కుట్టడం అయిపోయింది. గుడ్డ సంగతి ఎలా ఉన్నా, కడ్డీలున్నాయి చూడండి, ఒక్కోటి నా అంత పొడుగు, బస్సులో ఎక్కనివ్వరు. కార్లో అయితే ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా పడుకోబెట్టేస్తాను. ఇరవై కిటికీలు తగిలించేశాను.”

“ఇంకా పదహారు.”

“సోమవారంలోపు అవ్వాలి. అయితే పై అంతస్తు కూడా నాకే ఇస్తామన్నారు. కాకపోతే అక్కడ తయారుగా ఇంకొకరున్నారట. అది వాళ్ళు నాకు రెండుసార్లు చెప్పారు.”

“సార్‌కి ఏం చెప్పారు?”

“కుట్టినవి కర్టెన్ల కొట్టువాళ్ళ మనిషి వచ్చి పట్టుకెళ్తాడని.”

“ఉన్నమాట చెప్పేయొచ్చు కదమ్మా. వద్దంటారా?”

“వద్దనరు. నవ్వుతారు. గేటు కథ మళ్ళీ మొదట్నుంచి చెప్తారు, నేను వినాలి. ముప్పై ఆరూ అయ్యాక చెప్దామనుకున్నాను. అప్పుడు ఎంతసేపు నవ్వినా పరవాలేదు.”

“ఐదింటికి కొనేవాడు వస్తాడంటున్నారు.”

“అందుకే కదా మిమ్మల్ని పిలిచింది. నడిస్తే మనసు మారుతుందేమోనని.”

“డీజిల్ పోయించారా ఎప్పుడైనా?”

“బంకులో అందరూ ఆయన్ని ఎరుగుదురు. మీ కారొచ్చిందండీ అని ఆ సాయంత్రమే చెప్పేస్తారు.”

“పోయించకపోతే మీటరు ముల్లు చెప్తుందమ్మా.”

“ముల్లు చూస్తారా ఆయన? రెండు నెలలుగా ఆ వైపే పోవట్లేదు మనిషి.”

“ఆదివారం పోయారుగా.”

“అదిగో, వస్తున్నారు. టీ ఎలా ఉంది?”

“పంచదార ఎక్కువైంది.”

పైపు వచ్చింది. ఇంట్లోంచి అత్తగారు కూడా కుర్చీ తెచ్చుకుని నీడలో వేసుకున్నారు.

“ఏమండీ, ఆ మోకాలికి దుమ్మేమిటి?”

“సైకిలు.”

“సైకిలు గుద్దిందా?”

“అది గుద్దలేదు. గోడకి ఆనించి ఉంది. నేనే గుద్దాను.”

“కనపడలేదా?”

“ఎడం పక్కన పెట్టాడు ఎవడో. మేస్త్రీ, నీ పైపు ఇదిగో. కానీ.”

“ముందు ఒక నీళ్ళసీసా ఇప్పించండి. దాన్లో డీజిల్ పోసి ఇక్కడ వేలాడదీస్తాను. ట్యాంకుతో పనిలేకుండా ఇంజనుకి సీసాతో పట్టిద్దాం.”

“పసిపిల్లకి పాలుపట్టినట్టు.”

“అంతే పెద్దమ్మగారూ. తిప్పండి సార్. లెక్కపెట్టండి.”

“మూడు… ఐదు… పది… ఇరవై దాటిందేమిటి?”

“రెండొందలైనా దాటుతుంది. ఇంజను పోలేదు, పంపు పోలేదు. సీసా ఫిల్టర్‌కి ముందే తగిలించాను కాబట్టి ఫిల్టరూ మంచిదే. సంతోషంగా లేరేంటి సార్?”

“సంతోషంగానే ఉన్నాను.”

“మా వాడు సంతోషంగా ఉన్నా మొహం అలాగే ఉంటుంది బాబూ. చిన్నప్పట్నుంచీ అంతే.”

“అమ్మా, నువ్వుండు.”

“ఇప్పుడు సీసా తీసేసి మళ్ళీ ట్యాంకు పైపే తగిలిస్తున్నా, మధ్యలో ఈ ప్లాస్టిక్ ముక్క పెట్టి. దార్లో ఎక్కడైనా గాలి చొరబడుతుంటే బుడగలు కనపడతాయి. తిప్పండి. ఆగిపోయింది కదా. అమ్మా, బుడగలున్నాయా?”

“లేవు. కానీ డీజిల్ కదులుతోంది.”

“ఎటు?”

“వెనక్కి.”

“చూశారా సార్? వెనక్కి పోతోంది. ట్యాంకు ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటోంది.”

“ట్యాంకుకి అంత బలమెక్కడిది?”

“అదే చూద్దాం. మూత తియ్యండి.”

“మూతతో ఏం పని?”

“తీస్తే తెలుస్తుంది.”

“మూత బాగానే ఉంది. నేను చూశాను.”

“ఏమండీ, తియ్యమంటున్నారుగా.”

“బిగుసుకుపోయుంటుంది. ఊరికే ఎందుకు…”

“నేను తీస్తాలెండి. ఇదేంటిది, చుట్టూ ఇన్సులేషన్ టేపు? ఇంత పొడుగా? దాని కింద పాలిథిన్ కవరు. దాని కింద… జరగండి సార్. విన్నారా?”

“బుస్సుమంది. పామేమో చూడు బాబూ.”

“పాము కాదు పెద్దమ్మగారూ, గాలి. వారం రోజుల ఆకలి మీద ఉంది, ఒక్కసారిగా లోపలికి పోయింది. మూత లోపల ఇదిగో, సైకిల్ ట్యూబు ముక్క, గుండ్రంగా కత్తిరించి అతికించారు. ఎవరిదీ పనితనం?”

“నాదే. సరిగ్గా సరిపోయింది కదా?”

“సూదిమొన దూరే సందు కూడా లేదు సార్.”

“సందుంటే ఇంకేం లాభం?”

“కంపెనీవాడు ఈ మూతకి ఓ చిన్న చిల్లు పెట్టాడు. డీజిల్ ఎంత బయటికి పోతే అంత గాలి లోపలికి రావాలి. మీరు ఆ చిల్లు మూసేశారు. లోపల గాలి లేదు, బయటి గాలి రాదు. ఇంజను లాగుతుంటే ట్యాంకు వెనక్కి లాగుతోంది. వాళ్ళిద్దరి మధ్య మూడు సెకన్లు నడుస్తోంది బండి.”

“నూనె డబ్బాకి రెండు చిల్లులు పెడతాం కదరా, ఒకటి నూనెకి, ఒకటి గాలికి. నీ పెళ్ళైన కొత్తలో కోడలికి నేనే చూపించాను.”

“నాకెవరూ చూపించలేదమ్మా.”

“నువ్వెప్పుడైనా వంటింట్లోకి వస్తేగా.”

“ఇది ఎప్పుడు పెట్టారు సార్?”

“ఆదివారం.”

“ఎందుకు పెట్టారు?”

“ఎవడో డీజిల్ కాజేస్తున్నాడయ్యా. నేను చూస్తే సగం ఉండేది, పావుకొచ్చింది. కారు కదలకుండా డీజిల్ ఎలా తగ్గుతుంది?”

“ఎలుకలేమోరా.”

“ఎలుకలు డీజిల్ తాగుతాయా అమ్మా?”

“ఈ రోజుల్లో ఎలుకల్ని నమ్మలేం.”

“మేస్త్రీ, నువ్వు చెప్పు. దొంగే కదూ?”

“దొంగైతే సార్, పైపు పెట్టి ఒక్కసారే ఊడ్చుకుపోతాడు. విడతలవారీగా తీసుకెళ్ళే దొంగని నేనింతవరకూ చూళ్ళేదు.”

“అదే నాకూ అర్థం కాలేదు. చాలా పద్ధతిగా తీస్తున్నాడు.”

“అంతకుమించి నాకు తెలీదండి, నేను మెకానిక్‌ని. తాళం తిప్పండి. ఇక ఆగదు.”

“అవును. ఆగట్లేదు.”

“బాగైంది కదండీ, ఇంక అమ్మొద్దు.”

“బాగైతే మరీ మంచిది. అతను తోసుకుపోయే శ్రమ తప్పింది.”

“అదేమిటండీ? చెడిపోయిందనేగా అమ్ముతానన్నారు?”

“చెడిపోయిందని అమ్ముతానన్నాను. బాగైందని మానేస్తానని అనలేదు. ఐదింటికి రమ్మన్నాను, వస్తాడు. అన్నం పెట్టు, ఆకలేస్తోంది.”

రెండింటికి నలుగురూ భోజనాలకి కూర్చున్నారు. అమ్మాయి అప్పుడే కాలేజీ నుంచి వచ్చింది. కిటికీలోంచి వాకిట్లో కారు కనపడుతోంది, గడియారమూ కనపడుతోంది. ఇల్లాలు రెంటినీ మార్చి మార్చి చూసింది.

“అమ్మా, కూర ఇటు జరుపు. కారు బాగైందటగా?”

“బాగైంది. సాయంత్రం వెళ్ళిపోతోంది.”

“ఎక్కడికి?”

“మీ నాన్ననడుగు.”

“తినేటప్పుడు ఎందుకవన్నీ? పాపా, నువ్వు తిను.”

“ఏమండీ.”

“ఊఁ.”

“ఆ డీజిల్ తీసింది నేను.”

“నువ్వా? ఎవరికిచ్చావు?”

“ఎవరికీ ఇవ్వలేదు. కార్లోనే అయిపోయింది.”

“స్టార్ట్ చేసి ఊరికే వదిలేశావా?”

“నడిపాను.”

“ఎక్కడ, వాకిట్లోనా?”

“నర్సింగ్ హోము దాకా. పోను తొమ్మిది కిలోమీటర్లు, రాను తొమ్మిది. నెల రోజులుగా.”

“ఎవరు నడిపితే?”

“నేను నడిపితే.”

“గేటు?”

“గేటుకి రెండు పక్కలా జానెడేసి మిగులుతుంది.”

“బార్లా తీస్తే మిగులుతుందిరా. సగం తీస్తే కష్టం. నేను బార్లానే తీస్తాను.”

“అమ్మా! నీకు తెలుసా?”

“గేటు తీసేదాన్ని, తెలియకుండా ఎలా తీస్తాను?”

“నాన్నా, నాకూ తెలుసు. లైసెన్సు ఫారం నేనే నింపాను.”

“అయితే ఈ ఇంట్లో తెలియనిది నాకొక్కడికేనన్నమాట.”

“మెకానిక్‌కి కూడా ఇవాళే తెలిసిందండీ.”

“చాలా సంతోషం.”

“నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేం అనుకోను. కానీ పదహారు కిటికీలున్నాయి సోమవారంలోపు. కారు మీది, అమ్ముకుంటే అమ్ముకోండి. రేపు నేను కడ్డీలు భుజాన వేసుకుని ఆ తొమ్మిది కిలోమీటర్లూ నడిచి వెళ్తాను. దారిలో మీ చుట్టాలెవరైనా కనపడి ఏమిటిదని అడిగితే ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ పని మాత్రం వదలను.”

“నేను నవ్వట్లేదు.”

“మరి అలా చూస్తారేం?”

“వానలో నడిపావా ఎప్పుడైనా?”

“రెండుసార్లు.”

“పక్కసందులోంచి బండి అడ్డం వస్తే?”

“ముందే కనపడుతుందిగా. ఆపుతాను.”

“రెండువైపులా కనపడతాయా నీకు?”

“కనపడకుండా ఎలా నడుపుతారండీ ఎవరైనా?”

“నడపలేరు. పాపా, నా ఫోనేది?”

“అదిగో నాన్నా, నీ పక్కనే. అటు కాదు, ఎడం పక్క. ఇదిగో.”

“హలో… ఆ, నేనేనండి. మీరు ఐదింటికి రావద్దు… బాగైందనుకోండి, అందుకు కాదు… ఇంట్లో నడిపేవాళ్ళున్నారు… లేదండి, ఇందాకటిదాకా లేరు. ఉంటాను.”

“అదేమిటండీ ఉన్నట్టుండి? కోపం వచ్చిందా?”

“కోపమేం లేదు.”

“ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది. ఏమైందో చెప్పి తిను.”

“చెప్తానమ్మా. పాపా, నువ్వు కూడా కూర్చో, రెండోసారి చెప్పలేను. నా ఎడమ కంటికి పక్కనున్నవేవీ కనపడట్లేదు. పోయిన చూపు ఇక రాదట, ఉన్నది నిలబెట్టుకోడానికి మందు వేసుకుంటున్నాను. స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పి రెండు నెలలైంది. అయినా చూద్దామని ఆదివారం తీశాను, వీధి చివరిదాకా పోయి వెనక్కి తిప్పేశాను. కారు లేకపోతే ఎందుకు నడపట్లేదని మీరెవరూ అడగరు కదా అని అమ్మేద్దామనుకున్నాను. ఇక అమ్మడం లేదు. ఆ పదహారు కిటికీలూ రేపు తగిలించేద్దాం, కడ్డీలు నేను పట్టుకుంటాను. సోమవారం నుంచి పొద్దున్నే నన్ను ఆఫీసు దగ్గర దింపి, మీ అమ్మ తన పనికి వెళ్తుంది.”